ఒకే స్థిరరాశి – నిబంధనకూ, ప్రోగ్రాముకూ

ఇంజనీరింగ్, ఎం.సి.ఎ. చదువుతున్న మన విద్యార్థుల కోసం ఈ పాఠం. ప్రోగ్రామును మామూలుగా కొన్ని విలువలిచ్చి పరీక్షిస్తాము. అన్ని విలువలకూ సరిగ్గా నడుస్తుందని గణితపరంగా నిరూపించే పద్ధతి మరొకటి ఉన్నది. రస్ట్ భాషకు అటువంటి సాధనాల్లో వెరస్ ఒకటి.

ఇందులో రెండు భాగాలు రాయాలి. ఫంక్షన్ ఏమి చేయాలో చెప్పేది స్పెసిఫికేషన్. కంప్యూటర్ నడిపేది కోడ్. స్పెసిఫికేషన్ నిరూపణకు మాత్రమే. కంపైల్ అయ్యాక ప్రోగ్రాములో మిగలదు.

ఉదాహరణ: విద్యార్థికి 5 గ్రేస్ మార్కులు కలపాలి. మొత్తం 100 దాటితే 100 మాత్రమే ఇవ్వాలి. స్పెసిఫికేషన్ ఇది: వచ్చే మార్కులు 100కు మించవు, ఫలితమూ 100కు మించరాదు.

తరువాత గరిష్ఠ మార్కులు 150కి పెరిగాయనుకుందాం. స్పెసిఫికేషన్‌లో 150 అని దిద్ది, కోడ్‌లో 100 అలాగే వదిలేస్తే? 120 మార్కులు వచ్చిన విద్యార్థికి 100 మాత్రమే దక్కుతాయి. అయినా వెరస్ తప్పు చూపదు. ఎందుకంటే 100 కూడా 150కి లోపలే కదా!

దీనికి మందు, సంఖ్యను ఒక్కచోటే ప్రకటించడం:

కాన్‌స్ట్ గరిష్ఠం : యు8 = 150

ముందు ఏ గుర్తూ లేని ఇటువంటి కాన్‌స్ట్ స్పెసిఫికేషన్‌లోనూ, కోడ్‌లోనూ పనికివస్తుంది. ముందు 'స్పెక్' అని చేరిస్తే అది నిరూపణకే పరిమితం. కోడ్‌లో విలువగా వాడరాదు.

గుర్తుంచుకోవలసినవి:

1. రెండు చోట్లా వాడే స్థిరరాశి రెండు వైపుల నియమాలకూ లోబడాలి. దాని రకం కంపైల్ కాగలదై ఉండాలి. యు8 పనికివస్తుంది; హద్దులేని పూర్ణాంకమైన 'ఇంట్' పనికిరాదు.

2. దాని విలువను లెక్కించడానికి మామూలు ఎగ్జిక్యూటబుల్ ఫంక్షన్‌ను పిలవరాదు.

3. స్పెసిఫికేషన్‌లో కూడికకు హద్దు లేదు; కోడ్‌లో ఉన్నది. యు8లో 0 నుండి 255 వరకే పడుతుంది. గరిష్ఠాన్ని 255 చేస్తే 255 + 5 = 260 అందులో పట్టదు. ఈ ఓవర్‌ఫ్లోను వెరస్ పట్టుకుని నిరూపణ ఆపేస్తుంది.

అభ్యాసం: "ఫలితం వచ్చిన మార్కుల కన్నా తగ్గరాదు" అనే షరతును కూడా చేర్చండి. కోడ్‌లో 100 మిగిలిపోయిన పై ప్రోగ్రాము నిరూపణలో నెగ్గుతుందా?

జవాబు: నెగ్గదు. 120కి 100 రావడం ఈ షరతుకు విరుద్ధం. నిరూపణ బలం మనం రాసిన షరతుల బలమే.

తల్లిదండ్రులకు ఒక మాట: రస్ట్, వెరస్ రెండూ ఉచితంగా లభిస్తాయి. వీటి కోసం పైకం కట్టనక్కరలేదు. గణితంలో తర్కం బాగా వచ్చిన పిల్లలను ఈ దిక్కుగా ప్రోత్సహించండి.