ఇంట్లో తలకు తగిలే దెబ్బలు: వయసును బట్టి కారణాలు

ఇంట్లో ఎవరైనా పడిపోతే మనం సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తాం: ఎంత ఎత్తునుంచి పడ్డారు? రక్తం కారిందా? రెండింటికీ ఊరటనిచ్చే జవాబు దొరికితే, బొప్పి మీద తడిగుడ్డ అద్ది అంతటితో మరచిపోతాం. తల విషయంలో ఈ కొలతలు తరచు తప్పుదారి పట్టిస్తాయి. తలచర్మంలో రక్తనాళాలు అధికం కాబట్టి చిన్న చీలికకూ ధారగా రక్తం రావచ్చు. పుర్రె లోపల నెత్తురు పేరుకున్నప్పుడు పైకి చుక్కయినా కనిపించకపోవచ్చు. పడిన వ్యక్తి వయసెంత అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న.

అప్పుడే పుట్టిన శిశువు పొడవులో తలే దాదాపు నాలుగో వంతు. మెడ కండరాలు ఇంకా బలపడి ఉండవు. అందుచేత పసిబిడ్డ జారితే చాలాసార్లు తలే ముందు నేలను తాకుతుంది. మంచం మీద ఇరువైపులా దిండ్లు పేర్చి వంటింట్లోకి వెళ్లడం మన ఇళ్లలో మామూలే. బిడ్డ బోర్లాపడడం ఏ రోజున నేర్చుకుంటాడో ఎవరికీ చెప్పి నేర్చుకోడు. నేలమీద పరచిన బొంతే క్షేమం. బిడ్డను కూర్చోబెట్టే చక్రాల వాకర్ల అమ్మకాన్ని కెనడా 2004లోనే నిషేధించింది. మెట్ల అంచుకు చేరిన వాకర్‌ను పెద్దలు పరుగెత్తి అందుకోలేరు. మన పాతకాలపు మూడు చక్రాల చెక్కబండి దీనికంటే నయం. బిడ్డ తన కాళ్లమీద నిలిచి దాన్ని తోస్తాడు.

బడి పిల్లలకు ప్రమాదస్థలం మిద్దె. బళ్లారి వంటి ఎండ ఊళ్లలో సాయంత్రం గాలిపటాలూ అక్కడే, రాత్రి పడకా అక్కడే. గాలిపటం ఎగరేసేవాడి కళ్లు ఆకాశంలో ఉంటాయి, అడుగులు వెనక్కి పడుతుంటాయి. పిట్టగోడ పెద్దల నడుముకు పైగా ఉండాలి. అది లేని మిద్దె మీద పిల్లలను పడుకోబెట్టరాదు. వేసవిలో బావిలోకి తలకిందులుగా దూకే కుర్రవాళ్లకు నిరుటి లోతు గుర్తుంటుంది, ఈ ఏటి నీటిమట్టం తెలియదు. అక్కడ తలతోపాటు మెడ ఎముకా విరగవచ్చు.

నడివయసువారు పండుగ ముందు బూజు దులపడానికి ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి పడుతుంటారు. గట్టి నిచ్చెన, దాన్ని పట్టుకునే మరో మనిషి ఉంటే చాలు.

వృద్ధుల సంగతి విపులంగా చెప్పుకోవాలి. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోతుంది. దాన్ని పైపొరతో కలిపే సన్నని సిరలు సాగి బిగుతుగా ఉంటాయి. రాత్రి మూత్రానికి లేచి, తడి స్నానాలగదిలో కాలుజారి గోడకు తల తగిలినా చాలు, ఒక సిర తెగి రక్తం మెల్లగా ఊరవచ్చు. రక్తపోటు మాత్రలు వేసుకునేవారికి లేవగానే కళ్లు తిరగడం కద్దు. రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారిలో ఊట మరింత సులభం. రెండు మూడు వారాల తరువాత తలనొప్పి, మతిమరుపు, తడబడే నడక మొదలవుతాయి. ఇంటివారు ముసలితనమని సరిపెట్టుకుంటారు, పాత దెబ్బ ఎవరికీ గుర్తురాదు. స్కాన్‌లో గుర్తిస్తే ఆ రక్తాన్ని శస్త్రచికిత్సతో తీసివేయవచ్చు. చాలామంది తిరిగి కోలుకుంటారు.

దెబ్బ తగిలాక కాసేపు మామూలుగా మాట్లాడిన మనిషి కొన్ని గంటల్లో స్పృహ కోల్పోవడమూ ఉంది. కనుక తొలి 24 గంటలు ఎవరైనా తోడుండాలి. పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా వీడని మగత, మూర్ఛ, ఒక పక్క చేయి కాలు పట్టుతప్పడం, ముక్కునుంచి గానీ చెవినుంచి గానీ నీరు కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. మెడ కదపరాదు, నోటికి ఏమీ ఇవ్వరాదు, గాయంలో కాఫీపొడి అద్దరాదు. రోజూ వాడే మాత్రల పట్టీలను ఆసుపత్రికి వెంట తీసుకువెళ్లాలి. వైద్యుడు మొదట అడిగేవాటిలో అదొకటి.