కుటుంబకథా నవలలు: వాని యాకర్షణము

నవల చదువుట కాలహరణమని తలచు పెద్దలు మన యూళ్లలో నేటికిని కలరు. అందును యుద్ధములు గాని సాహసకృత్యములు గాని లేక, ఒక యింటిలోని తల్లిదండ్రులు, అన్నదమ్ములు, వదినెమఱదళ్లు పడు కష్టసుఖములనే చెప్పుచు, చెడిన సంసారము మరల చక్కబడుటతో ముగియు నవలలన్న వారికి మఱింత చులకన. మా విద్యార్థులు మాత్రము గ్రంథాలయమునుండి ముందుగా తీసికొనిపోవునవి యివియే. అట్టలు చినిగి, అంచులు నలిగిన పుస్తకములను బీరువానుండి దించి చూచినచో నీ సంగతి తేటపడును. ఈ యిష్టమునకు కారణమేమో, అది యెంతవఱకు మేలైనదో విచారింప దలచినాము.

తెలుగున నిట్టి కథకు దారి చూపినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వారు 1878లో తమ ‘వివేకవర్ధని’ పత్రికయందు ‘రాజశేఖరచరిత్రము’ను భాగములుగా ప్రకటింప నారంభించి, 1880లో గ్రంథరూపమున వెలువరించిరి. అంతకు మునుపే, 1872లో, నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు ‘శ్రీరంగరాజచరిత్రము’ను వ్రాసియుండిరి గాన, తొలి నవల యేదియను వాదము పండితులలో గలదు. ఆ తగవులోనికి మేము పోము. అప్పటికి ‘నవల’ యను పేరే పుట్టలేదు. పంతులుగారు తమ గ్రంథమును వచనప్రబంధమనిరి; నవల యను మాటను పిమ్మట కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు కల్పించిరి.

పంతులుగారికి ప్రేరణ యైనది ఆలివర్ గోల్డ్‌స్మిత్తు 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ అను ఆంగ్లకథ. ప్రింరోజు అను నొక గ్రామ పాదిరి తన సొమ్మును వర్తకుని వశము చేసి, ఆ వర్తకుడు దివాలా తీయగా సర్వమును గోల్పోయి, భార్యాబిడ్డలతో వేఱొక చిన్న పల్లెకు పోయి కొత్తగా బ్రదుకు మొదలుపెట్టును. ఆ కథలో పిల్లలు విని విరగబడి నవ్వు ఘట్టమొకటి యున్నది. ఇంటివారు తమ హోదాకు తగిన గుఱ్ఱము కావలెనని, ఉన్న గుఱ్ఱపుపిల్లను అమ్ముటకు మోజెస్ అను కుమారుని సంతకు పంపుదురు. మావాడు బేరములో గట్టివాడని తల్లి మురిసిపోవుచుండును. వాడు గుఱ్ఱపుపిల్లను మూడు పౌండ్ల ఐదు షిల్లింగుల రెండు పెన్నీలకు అమ్మి, ఆ సొమ్ముతో 144 జతల ఆకుపచ్చ కన్నద్దములు కొని తెచ్చును! వెండి యంచులని నమ్మినవి తీరా చూడగా పూత పూసిన రాగి. కొన్నాళ్లకు తండ్రియు మఱియొక గుఱ్ఱమునమ్మబోయి ఆ మోసగాని చేతనే మోసపోవును. కొడుకును మందలించుటకు ఆయనకిక నోరెక్కడిది?

చిత్రమేమనగా, కట్టకడపట అప్పులవలన చెఱసాల పాలైన ప్రింరోజునకు అచ్చట తోడై నిలుచువాడును ఆ మోసగాడే. జెంకిన్సన్ అను ఆ మనుష్యుడు తన వెనుకటి బ్రదుకును రోసి, ఈ కుటుంబమునకు మేలు చేయును. కొత్త బ్రదుకు మంచివారికి మాత్రమే గాక, వారిని చెఱచినవానికి సైతము లభించినది. ఈ తరగతి నవలలలో దీనిని మించిన ఘట్టము మాకు కనబడలేదు.

పంతులుగారు మొదట ఆ కథను తెనిగింపబూని, అది రుచింపక విడిచి, తమ కథను తామే అల్లుకొనిరి. ధవళేశ్వరమున ధనికుడైన రాజశేఖరుడు ముఖస్తుతులకు లోబడి, చేరినవారికెల్ల పెట్టి, తుదకు బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి యింటనున్న వెండిబంగారములను పోగొట్టుకొనును. నిన్నటివఱకు అరుగుమీద గుంపులుగా కూర్చుండినవారిలో ఒక్కడును తొంగిచూడడు. భార్య మాణిక్యాంబను, కుమారుడు సుబ్రహ్మణ్యమును, కుమార్తెలు రుక్మిణీ సీతలను వెంటబెట్టుకొని కాశీయాత్ర యను మిషతో ఊరు విడుచును. దారిలో దొంగలు, పిమ్మట చెఱసాల, ఒకరినొకరు బాయుట. కడకు మాఱువేషముననున్న పెద్దాపురపు రాజు వారిని గట్టెక్కించును. ఈ తెలుగు కుటుంబమును హచిన్సన్ దొర ‘ఫార్చ్యూన్స్ వీల్’ అను పేర ఆంగ్లములోనికి మార్చగా, 1887లో అది లండనున అచ్చయినది. గోల్డ్‌స్మిత్తు దేశమునుండి వచ్చిన విత్తనము గోదావరి యొడ్డున మొలచి, తిరిగి ఆ దేశమునకే పోయి ఫలమిచ్చినదన్నమాట.

ఇక ఆకర్షణ మాట. ఈ కథలలో లోకము చిన్నది. ఒక యిల్లు, ఒక వంటయిల్లు, అయిదాఱుగురు మనుష్యులు. ఎవరు ఎవరికేమగుదురో మొదటి ప్రకరణములోనే తెలిసిపోవును. కోపము వచ్చినను అది మనము ఎఱిగిన కోపమే: మాట పడిన కోడలు, అలిగిన అల్లుడు, అప్పు దాచిన తండ్రి. చదువరి వారిలో తనవారిని చూచుకొనును. మఱియు నీ యిల్లు నిలుచునను ధీమా ఆదినుండియు నుండుట చేత, నడుమ ఎంత కష్టము వచ్చినను పుస్తకము మూయబుద్ధి పుట్టదు.

అమ్రాబాదు పీఠభూమిమీద చదువు చెప్పు మాకు ఇంకొక కారణము కూడ కానవచ్చుచున్నది. 2016 వఱకు మహబూబ్‌నగరు జిల్లాలోను, ఆ పిమ్మట నాగర్‌కర్నూలు జిల్లాలోను చేరిన యీ సీమ నల్లమల యడవులది, వాననమ్ముకొన్న సేద్యము. పాలమూరు కూలీలన్న పేరు దేశమంతట ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టిన చోట్ల వినబడినది. గుంపుమేస్త్రి యొద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని, ఇంటికి తాళము వేసి, పిల్లలను అవ్వయొద్ద విడిచి పోయిన సంసారములు ఎన్నియో. చెంచుపెంటలనుండి వచ్చి వసతిగృహములలో చదువుకొను పిల్లలును మా తరగతులలో నుందురు. రాజశేఖరుడు ఊరు విడుచు ప్రకరణమును తరగతిలో చదివినప్పుడు, పట్టణపు పిల్లవానికి అది కథ. మా పిల్లలలో కొందఱికి అది నిరుటి సంగతి. ఒక బాలిక, “వాళ్ల అవ్వ యేమైనది సారు?” అని యడిగినది. ఆ కుటుంబములో అవ్వ లేదు. ప్రయాణమై పోయినవారి కథ వ్రాసినవారు ఉండిపోయినవారిని గూర్చి యేల వ్రాయలేదని యామె ప్రశ్న. దానికి మా యొద్ద సమాధానము లేకపోయెను.

కావున ఈ నవలలను మేము తేలికగా చూడము. ఐనను వానిలోని యొక లోపమును విద్యార్థులు గుర్తింపవలెను. చెడిన కాపురమును నిలువబెట్టుటకు తఱచుగా ఒక ధనవంతుడో, ప్రభువో రావలసియున్నది. ప్రింరోజును కాచిన బర్చెల్ కూడ మాఱువేషపు జమీందారే.

రుక్మిణి విషయము చూడుడు. దేశాంతరము పోయిన భర్త చనిపోయెనను వార్త వచ్చి, ఆమె వితంతువుగా నెంచబడును. తుదకు భర్త బ్రదికియే వచ్చును. వచ్చిన యాపద రానట్లే తొలగిపోవును. కథకు అది సుఖాంతము. కాని నిజముగా భర్తను గోల్పోయిన పిల్ల మాటయేమి? ఆమె భర్త రాడు గదా. దీనికి ప్రత్యుత్తరము పంతులుగారు పుస్తకములో గాక రాజమహేంద్రవరములో నిచ్చిరి. గ్రంథము వెలువడిన మఱుసటి సంవత్సరమే, 1881 డిసెంబరు 11న, గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మగారికిని తొలి వితంతు వివాహము జరిపించిరి. 1856 నాటి చట్టము దానికి అనుమతి నిచ్చినను, సంఘము ఇయ్యలేదు. బహిష్కారముల నోర్చుకొని చేసిన పని యది. నవలలో పోయినది తిరిగివచ్చి బ్రదుకు చక్కబడెను. వివాహవేదికమీద పోయినది పోగా మిగిలినదానితో బ్రదుకు మొదలయ్యెను. రెండును ఒకే చేతి పనులు. మాకు రెండవదియే గొప్పదిగా తోచుచున్నది, మొదటిది చదువుటకు హాయిగా నున్నను.

పిదప వచ్చిన నవలలను గూర్చి విస్తరింప చోటు లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ (1922) లోను కుటుంబమే కేంద్రము. కాని ఆ యింటి కష్టము వ్యవస్థనుండి వచ్చినది గాన మదరాసు ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించినది. 1960 తరువాత వారపత్రికలలో, మాసపత్రికలలో స్త్రీలు వ్రాసిన ధారావాహికలు వెల్లువగా వచ్చెను. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ అట్టివానిలో ప్రసిద్ధము. అందలి ధనవంతుడైన నాయకుని పేరును రాజశేఖరమే యగుట వింతగా నుండును. దినమునకింత యని అద్దెకిచ్చు పుస్తకశాలలు వీనితోనే నడచినవి. ఇవి కలలమ్ముచున్నవని విమర్శకులు నిందించిరి. ఆ నిందలో నిజము లేకపోలేదు. అయినను చదువు మానిపించి వంటయింట కూర్చుండబెట్టబడిన వేలకొలది స్త్రీలు అక్షరము మఱవకుండుటకు ఇవియే తోడ్పడినవన్న సంగతిని ఆ విమర్శకులు తలచినట్లు లేదు.

రాజశేఖరచరిత్రము ముగిసిన పిమ్మట మేము పై తరగతివారికి ఒక వ్రాతపని యిచ్చితిమి: మాఱువేషపు రాజు రాడనుకొని, ఆ కుటుంబము ఎట్లు నిలద్రొక్కుకొనునో రెండు పుటలు వ్రాయుడని. కొందఱు రాజునకు బదులు లాటరీని తెచ్చిరి. వానిని తిప్పి పంపితిమి. ఒకడు సుబ్రహ్మణ్యమును పల్లెబడిలో పంతులుగా కుదిర్చెను. అవ్వను గూర్చి యడిగిన బాలిక, మాణిక్యాంబ సత్రము ప్రక్కన పూటకూళ్లయిల్లు పెట్టినట్లును, మొదటి నెలలో కట్టెలకు, బియ్యమునకు నయిన ఖర్చు ఇంతయని లెక్కకట్టియు వ్రాసినది. లెక్కలో రెండు రూపాయలు తక్కువ పడినవి. వానిని రాజశేఖరుడు కావిడి మోసి తెచ్చెనట.