నిద్రపుచ్చు బొమ్మ

రాత్రివేళ ఇసుకమనిషి వచ్చి పిల్లల కన్నులలో ఇసుక చల్లి నిద్రపుచ్చునని జర్మనీ దేశమున ఒక పూర్వగాథ గలదు. ఆ దేశము రెండు రాజ్యములుగా నున్న కాలమున, 1959 నవంబరు 22వ తేదీన, తూర్పు జర్మనీ టెలివిజనులో ఈ గాథ బొమ్మలాటగా ఆరంభమయ్యెను. గెర్హార్డ్ బేరెండ్ట్ అను కళాకారుడు తెల్లని పిల్లిగడ్డము, మొనతేలిన టోపీ గల చిన్న బొమ్మను తీర్చిదిద్దెను. దానిని కొంచెము కొంచెముగా కదల్చుచు, కదలికకొక ఛాయాచిత్రము తీసి, వానిని వరుసగా వేగముతో చూపగా, బొమ్మ ప్రాణము గలదానివలె నడచెడిది. ప్రతి సాయంకాలమును అది వచ్చి, ఒక చిన్నకథ చూపించి, ఇసుక చల్లి పోయెడిది. 1978లో తూర్పు జర్మనీ వ్యోమగామి సిగ్మండ్ యేన్ దానిని అంతరిక్షమునకు సైతము వెంటగొనిపోయెను.

1990లో రెండు రాజ్యములు నేకమయ్యెను. 1991 చివర తూర్పు జర్మనీ టెలివిజను సంస్థ మూతపడెను. బొమ్మకును కాలము చెల్లునని పలువురు భయపడిరి. కాని దానిని చూచుచు పెరిగినవారు ఊరకుండక, అది తమ బిడ్డలకును కావలెనని పట్టుపట్టిరి. రాజ్యము పోయినను బొమ్మ నిలిచెను; నేటికిని ఇసుక చల్లుచునే యున్నది.

బాల్యమున మనసునకు హత్తిన కళను పెద్దలైన పిమ్మటను మరువనివారున్నంతవరకు ఆ కళకు నాశము లేదు.