తాళి కట్టించే అధికారం ఎవరిది?

గుంటూరు బ్రాడీపేటలో ప్లీడరుగా ఉన్నన్నాళ్లూ పెళ్లి తగాదా వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న విన్నాను: "పెళ్లి చేయించినాయనకి అసలు అధికారం ఉందా అండీ?" ఏ చట్టం కింద జరిగిన పెళ్లి అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పెళ్లీడు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలిసి ఉండాలి.

1. హిందువుల పెళ్లిలో పురోహితుడు ఎవరని చట్టం అడగదు. వధూవరుల్లో ఏదో ఒక వైపు ఆచారం ప్రకారం తంతు జరిగిందా అన్నదే 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ చూస్తుంది. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టే. మంత్రం చదివినాయన కులం గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఈ చట్టం రాకముందే మన పక్కనున్న తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి గారు 'వివాహ విధి' రాసి, బ్రాహ్మణ పురోహితులు లేకుండా తెలుగులోనే పెళ్లిళ్లు చేయించారు. ఆ రోజుల్లో అందుకు ఎంత గుండె కావాలో ఇప్పటి పిల్లలకు తెలియదు.

2. పురోహితుడు లేకపోయినా ఫరవాలేదు గానీ, తంతు లేకపోతే చిక్కే. దండలు మార్చుకున్నా చాలని తమిళనాడు 1967లో 7-ఏ సెక్షన్ తెచ్చుకుంది. మనకు అలాంటి సవరణ లేదు. తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. దండల పెళ్లి చేసుకునే పిల్లలు 5వ అంశం తప్పక చదవండి.

3. క్రైస్తవుల పెళ్లిలో మాత్రం చేయించే మనిషే ముఖ్యం. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి ఇది లూథరన్ల ఊరు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ప్రధాన కార్యాలయం మా బ్రాడీపేటలోనే ఉంది. అయినా 1872 క్రైస్తవ వివాహ చట్టం సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ కూడా తక్కువే. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందిన గురువులు, ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించి లైసెన్సు ఇచ్చిన పాస్టర్లు, మ్యారేజ్ రిజిస్ట్రార్లు, ఇలా 5వ సెక్షన్‌లో చెప్పినవాళ్లే పెళ్లి చేయించాలి. 5వ అంశంలో చెప్పే ప్రత్యేక వివాహం కాకపోతే, ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా ఈ చట్టమే పడుతుంది. అధికారం లేకుండా చేయించినవాళ్లకు పదేళ్ల దాకా జైలు రాసి ఉంది. పెళ్లి మామూలుగా ఉదయం ఆరింటికీ సాయంత్రం ఏడింటికీ మధ్యే జరగాలి.

ఇప్పుడు వీధికో ప్రార్థన మందిరం వెలిసింది. వాక్యం బాగా చెప్పినంత మాత్రాన లైసెన్సు ఉన్నట్టు కాదు. "అయ్యగారూ, మీ లైసెన్సు ఒకసారి చూపిస్తారా?" అని అడగడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు. నిశ్చితార్థం నాడే అడగండి. లైసెన్సున్న అయ్యగారు నొచ్చుకోరు. ఆ మొహమాటం ఖరీదు తర్వాత ఫ్యామిలీ పెన్షన్ దగ్గరో వీసా దగ్గరో ఆడపిల్ల కట్టాల్సి వస్తుంది. అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

4. నిఖాకు ఖాజీ గారు ఉండి తీరాలని 1880 ఖాజీల చట్టం ఎక్కడా అనలేదు. ఆ పని ఇంకొకరు చేయకూడదనీ అనలేదు. ఈజాబ్ (ప్రతిపాదన), ఖుబూల్ (అంగీకారం), సాక్షులు, వరుడు వధువుకిచ్చే మెహర్ సరిగ్గా ఉండాలి. అయినా ఖాజీ గారి దఫ్తరులో నమోదు చేయించి నిఖానామా దాచుకోండి.

5. మతాంతర వివాహాలకూ, తంతు ఇష్టం లేనివాళ్లకూ 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మ్యారేజ్ ఆఫీసరు ముందు, ముగ్గురు సాక్షుల ఎదుట, మీకు తెలిసిన భాషలోనే ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెబితే చాలు. ముందుగా నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు 30 రోజులు ఆ జిల్లాలో కాపురం ఉండాలి. శుభలేఖలు అచ్చుకిచ్చే ముందే ఈ లెక్క చూసుకోండి.

6. పెళ్లి చేయించే పెద్దలకు ఒక మాట. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా పెళ్లి చేయిస్తే, 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద రెండేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. పంతులు గారైనా, పాస్టరు గారైనా, ఖాజీ గారైనా ఒకటే. జాతకం కంటే ముందు పుట్టిన తేదీ కాగితం అడగండి.