బ్రైస్ కాన్యన్: ప్రయాణానికి ముందు ఒక పాఠం

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న బ్రైస్ కాన్యన్ 1928లో జాతీయ పార్కు అయింది. పేరులో కాన్యన్ ఉన్నా ఇది నది కోసిన లోయ కాదు. పీఠభూమి అంచు అరిగి మిగిలిన ఎర్రరాతి స్తంభాల గుంపు. వీటిని హూడూలు అంటారు. ఇనుము ఆక్సైడు వల్ల ఆ ఎరుపు వచ్చింది.

మనం భూగోళంలో చదివిన శిలాశైథిల్యం ఇక్కడ కళ్లెదుటే కనిపిస్తుంది. పగలు కరిగిన మంచు నీరై రాతి పగుళ్లలోకి దిగుతుంది. రాత్రి గడ్డకట్టి, సుమారు 9 శాతం ఉబ్బి, రాతిని చీలుస్తుంది.

ఆ చలికి కారణం ఎత్తు. అరకు లోయ సుమారు 900 మీటర్లు. ఈ అంచు 2,400 మీటర్లు దాటుతుంది. కాబట్టి వెళ్లేముందు మనం గుర్తుంచుకోవలసినవి:

1. వేసవిలోనూ రాత్రికి స్వెట్టరు ఉండాలి.
2. గాలి పలుచన. మొదటి రోజు అంచు వెంట మెల్లగా నడిస్తే చాలు.
3. కొండ ఎక్కుతూ అలసితే వెనక్కి దిగిపోతాం. ఇక్కడ దిగడం ముందు, ఎక్కడం తర్వాత. నవాజో లూప్ బాటలో సుమారు 170 మీటర్లు తిరిగి ఎక్కాలి. సగానికి పైగా నీళ్లు అందుకు మిగల్చాలి.
4. జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో పిడుగుల భయం ఎక్కువ. ఉరుము వినబడగానే అంచు వదిలి వాహనంలోకి చేరాలి.

పై చదువులకు అటు వెళ్లే మన హాస్టల్ మిత్రులు ఈ నాలుగూ మరువకుండా, క్షేమంగా చూసి రావాలని కోరుకుంటున్నాం.