వసంతాన్ని దాచిన పుస్తకం

పాఠ్యాంశ పరిచయం: పెద్ద సంఘటనలను చరిత్రకారులు రాస్తారు. మరి తొలి చిగురు, తొలి కోకిల కూత, పొదలో కనిపించిన పక్షిగూడు వంటి చిన్న సంగతులను ఎవరు రాయాలి? అలా రాసిపెట్టిన ఒక ఉపాధ్యాయిని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇంగ్లండు దేశపు మధ్య భాగంలో బర్మింగ్‌హామ్ అనే పెద్ద పారిశ్రామిక నగరం ఉంది. ఆ నగరం అంచున ఓల్టన్ అనే ఊరు ఉంది. ఇప్పుడది పట్టణంలో కలిసిపోయింది కాని, 1906లో దాని చుట్టూ పొలాలు, పచ్చికబయళ్లు, చిన్న చిన్న అడవులు ఉండేవి. పొలాల గట్ల వెంట పొదలను వరుసగా పెంచి, వాటినే కంచెలుగా ఉంచేవారు. ఆ కంచెల మధ్య సన్నని బాటల వెంట ఒక యువతి నడుస్తూనో, సైకిలు తొక్కుతూనో తిరుగుతూ ఉండేది. ఆమె పేరు ఎడిత్ హోల్డెన్.

ఎడిత్ 1871లో జన్మించింది. తండ్రికి బర్మింగ్‌హామ్‌లో రంగులు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఇంటినిండా పిల్లలు. బొమ్మలు గీయడంలో ఎడిత్‌కు చిన్ననాటి నుంచి ఆసక్తి మెండు. ఆమె బర్మింగ్‌హామ్ చిత్రకళా పాఠశాలలో చదువుకుంది. తరువాత స్కాట్లండు వెళ్లి, జంతువుల చిత్రాలకు పేరుపొందిన ఒక చిత్రకారుని వద్ద శిక్షణ పొందింది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసింది. 1906లో సోలిహల్ అనే పట్టణంలోని బాలికల పాఠశాలలో చిత్రలేఖనం నేర్పసాగింది. ఆ ఏడాది మొదట్లో ఆమె వయసు ముప్ఫై నాలుగేళ్లు.

పాఠం చెప్పేవారికి ఒక చిక్కు ఉంటుంది. “చుట్టూ ఉన్న ప్రకృతిని గమనించండి” అని పిల్లలతో చెప్పడం తేలిక. ఎలా గమనించాలో చూపడం కష్టం. అందుకు ఎడిత్ ఒక మార్గం ఎంచుకుంది. ఏడాది పొడవునా తాను చూసినవాటిని ఒక పుస్తకంలో రాసి, పక్కనే రంగుల బొమ్మలు వేసి, తన విద్యార్థినులకు అదే నమూనాగా ఉండేటట్లు చేసింది. దానికి ‘1906 ప్రకృతి విశేషాలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. చెప్పే పని తాను ముందు చేసి చూపించడమే ఆమె పాఠం.

ఇంగ్లండులో వసంతం ఎందుకంత ప్రియమైనదో తెలియాలంటే అక్కడి చలికాలం ఎలా ఉంటుందో తెలియాలి. ఆ దేశం భూమధ్యరేఖకు చాలా ఉత్తరంగా ఉంది. డిసెంబరు నెలాఖరులో బర్మింగ్‌హామ్ ప్రాంతంలో పగలు ఎనిమిది గంటల కంటే తక్కువ. జూన్ నెలలో అదే పగలు పదహారున్నర గంటలకు మించుతుంది. చలికాలంలో ఎక్కువ చెట్లు ఆకులన్నీ రాల్చి మోడులై నిలబడతాయి. పగటి పొద్దు రోజురోజుకు పెరిగి, నేల కాస్త వెచ్చబడగానే మొగ్గలు కదులుతాయి. అందుకే అక్కడివారికి తొలి పువ్వు కనిపించడమంటే దూరదేశం వెళ్లిన బంధువు గుమ్మంలో అడుగుపెట్టినట్లే.

ఆ బంధువు ఒక్కసారిగా రాడు. జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే స్నోడ్రాప్ అనే చిన్న తెల్లని పువ్వు తలవంచుకొని పూస్తుంది. తరువాత ముదురు ఊదారంగు వయొలెట్ పూలు, గట్ల మీద లేత పసుపు వన్నె ప్రిమ్‌రోజ్ పూలు వస్తాయి. మార్చిలో పచ్చికబయళ్లలో డాఫోడిల్ పూలు పసుపు కాంతులు చిమ్ముతాయి. ఏప్రిల్ చివరికి అడవిలో చెట్ల కింద బ్లూబెల్ పూలు నీలిరంగు తివాచీ పరచినట్లు విప్పారతాయి. మే నెలలో కంచెల మీద హాథార్న్ పొదలు తెల్లగా పూసి కనువిందు చేస్తాయి. ఆ పూలను అక్కడి ప్రజలు ‘మే’ అని నెల పేరుతోనే పిలుస్తారు.

పక్షులదీ అదే వరుస. కాకుల జాతికి చెందిన రూక్ పక్షులు ఆకులు లేని చెట్ల కొమ్మల్లో పాత గూళ్లను బాగుచేసుకొంటాయి. ఎర్రని రొమ్ము గల రాబిన్ పిట్ట పారేసిన కెటిల్‌లో కూడా గూడు కట్టగలదు. ఏప్రిల్‌లో కుకూ పక్షి ఆఫ్రికా నుంచి వచ్చి కూస్తుంది. ఇది మన కోకిలకు దగ్గరి చుట్టం. కోకిల కాకిగూట్లో గుడ్డు పెట్టినట్లే, ఇది కూడా తనకంటె చిన్న పిట్టల గూళ్లలో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆ ఏటి తొలి కూత తాను ఎప్పుడు విన్నదీ ఒకరితో ఒకరు చెప్పుకోవడం అక్కడి పల్లెవాసులకు ఒక వేడుక.

ఎడిత్ పుస్తకంలో ఇటువంటి సంగతులే ఉన్నాయి. ఆమె రాజులను గురించి రాయలేదు. యుద్ధాలను గురించి రాయలేదు. ఏ రోజు ఎటు వెళ్లింది, ఏ గట్టు మీద ఏ పువ్వు కనిపించింది, వాన కురిసిందా, మంచు పడిందా, గూట్లో గుడ్లు ఉన్నాయా అన్నవే ఆమె విశేషాలు. సైకిలు మీద పక్క ఊరి దాకా వెళ్లి పూలు కోసుకొని రావడం ఆమెకు ఒక సాహసయాత్ర. ఏప్రిల్‌లో ఆమె నైరుతి దిక్కున ఉన్న డార్ట్‌మూర్ అనే మెట్టప్రాంతానికి వెళ్లింది. ఊరు మారినా పుస్తకం ఆగలేదు. అక్కడి విశేషాలూ అందులో చేరాయి.

ఈ పుస్తకపు అమరిక కూడా చక్కనిది. ప్రతి నెల మొదట ఆ నెలకు ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పింది. ఏప్రిల్ అనే మాటను ‘తెరుచుకోవడం’ అనే అర్థం గల లాటిన్ మాటతో ముడిపెడతారు. మొగ్గలు తెరుచుకొనే నెల అన్నమాట. మన చైత్రమాసానికి చిత్తానక్షత్రం వల్ల ఆ పేరు వచ్చిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. ఆ తరువాత ఆ నెల గురించిన సామెతలు, తనకు నచ్చిన కవితలు, తేదీలవారీ విశేషాలు ఉంటాయి. అన్నీ ఆమె సొంత దస్తూరీలోనే. బొమ్మల పక్కన పువ్వు వాడుక పేరుతో పాటు శాస్త్రీయ నామం కూడా రాసింది. బొమ్మలు అందంగా ఉంటే చాలునని ఆమె అనుకోలేదు. ఆకు అంచు, రేకుల సంఖ్య, గుడ్డు మీది చుక్కలు ఉన్నవి ఉన్నట్లు ఉండాలని శ్రద్ధ పట్టింది.

1911లో ఎడిత్ ఒక శిల్పిని వివాహం చేసుకొని లండన్‌లో స్థిరపడింది. మహానగరంలో ఉన్నా మొగ్గలను వెదకే అలవాటు మానలేదు. 1920 మార్చిలో ఒకనాడు క్యూ ఉద్యానవనం సమీపంలో థేమ్స్ నది ఒడ్డుకు వెళ్లింది. అక్కడ చెస్ట్‌నట్ మొగ్గలను అందుకోబోయి కాలుజారి నీటిలో పడి మరణించిందని చెబుతారు. అప్పటికి ఆమె వయసు నలభై ఎనిమిదేళ్లు. ఆ ఏటి వసంతం అప్పుడే మొదలవుతోంది.

ఆమె పుస్తకం మాత్రం కుటుంబంలో భద్రంగా ఉండిపోయింది. రాసిన డెబ్భై ఏళ్లకు, తరువాతి తరానికి చెందిన ఒక అమ్మాయి దానిని ప్రచురణకర్తలకు చూపింది. వారు ఆ చేతిరాతను, బొమ్మలను ఉన్నవి ఉన్నట్లే అచ్చువేసి 1977లో విడుదల చేశారు. ‘ది కంట్రీ డైరీ ఆఫ్ యాన్ ఎడ్వర్డియన్ లేడీ’ అనే పేరుతో వచ్చిన ఆ పుస్తకం లక్షలాది ప్రతులు అమ్ముడుపోయింది. అనేక భాషలలోకి అనువాదమయింది. ఒక బడిలోని కొద్దిమంది పిల్లల కోసం తయారైన పుస్తకం దేశదేశాల ఇళ్లలోకి వెళ్లింది. దానిని చూడటానికి ఎడిత్ మాత్రం లేదు.

ఇటువంటి రాతల వలన ఆనందం ఒక్కటే కాదు, మరొక ప్రయోజనం కూడా ఉంది. ఇంగ్లండులోనే నార్‌ఫోక్ ప్రాంతంలో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి ఉండేవాడు. తొలి చిగురు, తొలి పువ్వు, కప్పల తొలి బెకబెక ఏ తేదీన అయిందో 1736 నుంచి ఆయన రాసిపెట్టాడు. ఆయన తరువాత ఆ కుటుంబంవారు ఆ పనిని 1958 వరకు కొనసాగించారు. జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీపూల వేడుకల తేదీలు వెయ్యేళ్లకు పైబడిన దినచర్యలలో, రాచరికపు రికార్డులలో దొరుకుతున్నాయి. శాస్త్రజ్ఞులు వాటినన్నిటినీ వరుసగా పేర్చి చూశారు. 2021లో క్యోటో చెర్రీచెట్లు మార్చి 26వ తేదీకే నిండుగా పూశాయి. అప్పటివరకు పన్నెండు వందల ఏళ్ల లెక్కలో అంత ముందుగా ఎన్నడూ పూయలేదు. భూమి వేడెక్కుతున్నదనడానికి అది ఒక సాక్ష్యం. వేడుక కోసం రాసుకున్న తేదీ వెయ్యేళ్ల తరువాత సాక్ష్యమయింది.

ఒక ఏడాది రాసినది జ్ఞాపకం. వరుసగా పదేళ్లు, ఇరవై ఏళ్లు రాసినది ఆధారం. రెండూ విలువైనవే. కాని జ్ఞాపకం లేకుండా ఆధారం లేదు. ఎవరో ఒకరు మొదటి ఏడాది మొదలుపెట్టాలి.

మన దేశంలోనూ ఈ పని జరుగుతున్నది. ‘సీజన్‌వాచ్’ అనే కార్యక్రమంలో పాఠశాలల పిల్లలు, పెద్దలు తమకు దగ్గరలోని చెట్టును వారం వారం గమనించి, చిగురు, పూత, కాయ వివరాలు నమోదు చేస్తున్నారు. ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక చెట్టు, ఒక నోటుపుస్తకం, కొంచెం ఓపిక చాలు.

మన వసంతం ఇంగ్లండు వసంతం వంటిది కాదు. ఇక్కడ మంచు కరగదు. ఆకులు రాలిన మోదుగ కొమ్మలు నిప్పురవ్వల వంటి పూలతో నిండిపోతాయి. కానుగ లేత ఆకులు తళతళలాడతాయి. వేపపూత రాలి వాకిలి తెల్లబడుతుంది. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా ఉగాది పచ్చడికి ఆ వేపపూతే కావాలి. ఆ చెట్టునే కన్నడంలో బేవు అంటారు, తమిళంలో వేంబు అంటారు, మరాఠీలో కడునింబ అంటారు. బజారులో ఒక పేరు, బడిలో ఒక పేరు, ఇంట్లో అవ్వ నోట మరొక పేరు వినే పిల్లలకు అది బరువు కాదు, భాగ్యం. అయితే అవ్వ నోటి పేరు రాసిపెట్టకపోతే ఆమెతోనే పోతుంది. ఎడిత్ పువ్వుకు రెండు పేర్లు రాసింది. మీరు మూడు రాయగలరు.

కొత్త పదాలు – అర్థాలు

మెండు = ఎక్కువ
మోడు = ఆకులు లేని చెట్టు
దస్తూరీ = చేతిరాత
మెట్టప్రాంతం = ఎత్తుగా ఉన్న భూమి
దినచర్య = రోజువారీ పనులు; వాటిని రాసుకునే పుస్తకం
నమోదు చేయు = రాసి ఉంచు

ప్రశ్నలు

1. ఎడిత్ హోల్డెన్ ప్రకృతి విశేషాల పుస్తకాన్ని ఎవరి కోసం తయారుచేసింది? ఎందుకు?
2. ఇంగ్లండు ప్రజలు వసంతం కోసం అంతగా ఎదురుచూడటానికి కారణమేమి?
3. కుకూ పక్షికి, కోకిలకు ఉన్న పోలిక ఏమిటి?
4. “జ్ఞాపకం లేకుండా ఆధారం లేదు” – ఈ వాక్యాన్ని పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.
5. అవ్వ నోటి పేర్లను రాసిపెట్టడం ఎందుకు అవసరం? మీ అభిప్రాయం రాయండి.

భాషాంశాలు

1. వసంత + ఆగమనం = వసంతాగమనం. ఇది సవర్ణదీర్ఘ సంధి. ఇటువంటివి మరి రెండు రాయండి.
2. ‘కనువిందు చేయు’ అనే జాతీయాన్ని సొంత వాక్యంలో ప్రయోగించండి.

చేయవలసిన పని

మీ ఇంటికి గాని, బడికి గాని దగ్గరగా ఉన్న ఒక చెట్టును ఎంచుకోండి. మాఘం నుంచి వైశాఖం వరకు వారానికొకసారి చూసి, తేదీ వేసి, చిగురు, మొగ్గ, పువ్వు, పిందె వివరాలు రాయండి. దాని తెలుగు పేరును ఇంట్లో పెద్దలనడిగి తెలుసుకోండి. మీ రాష్ట్ర భాషలో దానిని ఏమంటారో పక్కన రాయండి. బొమ్మ వేయండి. పుస్తకాన్ని పారవేయక, వచ్చే ఏడాది అదే చెట్టు వద్దకు తీసుకొని వెళ్లండి.