హెలికాప్టరు చోదకుల సాహసగుణము

కోయంబత్తూరికి తూర్పున సూలూరు వైమానిక స్థావరము కలదు. అచ్చటి సారంగ్ దళమువారు ధ్రువ్ హెలికాప్టరులను ఒకదాని చెంత నొకటిగా నడిపి చేయు విన్యాసములను చూచినవారు, “వీరికి ప్రాణము తీపి కాదు కాబోలు” అని తలంతురు. ఈ మాట యెంతవరకు నిజమో విచారింతము.

మార్విన్ జుకర్‌మన్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు సాహసప్రియత్వమును కొలుచుటకు 1964లో ఒక ప్రశ్నావళిని ప్రకటించెను. పిమ్మట అందు నాలుగు పాయలను గుర్తించిరి: అపాయకరమైన క్రీడలపై మక్కువ, క్రొత్త అనుభవముల కోరిక, కట్టుబాట్లను త్రోసిపుచ్చుట, విసుగును ఓర్వలేమి. ఈ నాలుగును ఒక్కరియందే సమముగా నుండవలెనను నియమము లేదు. మొదటిది బొత్తిగా లేనివాడు సైనిక హెలికాప్టరు జోలికే పోడు. కడపటి రెండును మిక్కుటముగా నున్నవాడు దానికి తగడని మా అభిప్రాయము.

ఏలయన, ఆ పని యెట్టిదో చూడుడు. ఎడమచేతి మీట యంత్రమును పైకెత్తును, దింపును. కుడిచేతి కఱ్ఱ దానిని ప్రక్కలకు, ముందువెనుకలకు వంచును. పాదముల క్రింది మీటలు ముక్కును త్రిప్పును. ఒకటి కదలినచో తక్కిన రెండును సవరింపవలెను. 2018 కేరళ వరదలలో మిద్దెలపై చిక్కిన వారికి త్రాడు దింపునపుడు ఇట్లే క్షణక్షణము సవరించుచు గాలిలో నిలుపవలసివచ్చెను. కాలుసేతులు ఏకకాలమున ఆడించు మన మగ్గపు నేతగాని ఓర్పే ఇందులకు కావలెను. మధుర చెంత అలంగానల్లూరు జల్లికట్టులో ఎద్దు మూపురమును పట్టు యువకుడు తన దేహమునే పణముగా పెట్టును. చోదకుని వెనుకనో, ఇతరుల ప్రాణములు కూర్చుండును.

2021 డిసెంబరు 8న సూలూరు నుండి వెల్లింగ్టనుకు బయలుదేరిన హెలికాప్టరు కూనూరు వద్ద కూలెను. జనరల్ బిపిన్ రావత్, నాటి చిత్తూరు జిల్లావాడైన లాన్స్ నాయక్ సాయితేజ మున్నగు పదునలుగురు అసువులు బాసిరి. వాతావరణము హఠాత్తుగా మారి, మేఘములు క్రమ్మి, చోదకునకు దిక్కు తెలియకపోయెననియు, నిర్లక్ష్యము కారణము కాదనియు 2022 జనవరిలో విచారణసంఘము తెలిపెను. మేఘములో మన చెవిలోని సమతౌల్యపు అవయవమే మనలను మోసగించును. అప్పుడు దేహము చెప్పినది కాదని ముల్లు చూపినదానినే నమ్మవలెను. సాహసికి ఇంతకన్న కష్టమైన పని లేదు.

వైమానికదళపు ఎంపికలో కాలుసేతుల పొందికను, అవధానమును యంత్రముపై పరీక్షింతురు.